రాజు మెడ మీది గడ్డ

గట్టు,
శ్రావణం, ముసురు రోజు

యమునా,

నీ ఉత్తరం అందింది. ఫోన్‌తో పోయేదానికి ఈ ఉత్తరాలెందుకని మీ అన్న అడిగాడు. ఆయన చెవులు సగమే పనిచేస్తాయి కాబట్టి ఫోన్ ఎప్పుడూ స్పీకర్‌లో పెడతాడు. మన మాటలన్నీ వీధి చివరి కిరాణా దుకాణం దాకా వినబడతాయి. ఆ సంగతి ఆయనకెలా చెప్పను? "యమున పోస్టాఫీసుల పనిజేస్తది. మనం గూడ ఉత్తరాలు రాయకుంటె దాని నౌకరి ఎట్ల నిలవడతది?" అన్నాను. నిజమేనని తలూపాడు.

నీ రాజు బాగున్నాడు. నువ్వు నాగర్‌కర్నూలు నుంచి వనపర్తికి బదిలీ అయి, అక్కడి ఇంటి ఓనరమ్మ పిల్లుల్ని రానివ్వనంటే, వాణ్ని బుట్టలో తెచ్చి నా ఒళ్లో పెట్టిన రోజు నేనేమన్నాను? "పిల్లికి పేరేంది, పిల్లీ అంటె పలకదా?" అన్నాను. ఇప్పుడు పొద్దున లేస్తే "రాజూ, పాలు తాగుదువు రా నాయనా" అని వీధిలోకి వినబడేలా పిలుస్తున్నది నేనే. మొన్న అలా పిలిస్తే సీడు ఆర్గనైజర్ రాజు చెప్పులు విడిచి లోపలికొచ్చి కూర్చున్నాడు. కంపెనీ కోసం మాతో వేయించిన విత్తన పత్తి ఎలా ఉందో చూడ్డానికి చేనుకు పోతూ ఇంటి ముందు ఆగాడట. ఇక చేసేదేముంది, ఆ పాలు అతనికే ఇచ్చాను. పిల్లి సాయంత్రం దాకా నా మొహం చూడలేదు.

ఆ రాజుకు అలంపూర్ సంబంధం కుదిరింది. పిల్ల పేరు వర్ష, మీ వనపర్తిలోనే టీచరట. మార్గశిరంలో పెళ్లి.

ఒక్క మాట అడగాలనుకున్నాను. ఊరికే. పిల్లులు లావెక్కితే కొవ్వంతా ఒక్కచోటే చేరుతుందా? ఉదాహరణకు మెడ వెనక? తొందరేం లేదు, వీలున్నప్పుడు రాయి. వెంటనే వీలు చేసుకో.

మీ వదిన
రేణుకమ్మ


వనపర్తి,
వినాయక చవితి వెళ్లాక

వదినా,

కౌంటర్‌లో కూర్చుని నీ ఉత్తరం చదివి నవ్వుతుంటే, పింఛను కోసం నిల్చున్న పెద్దాయన తన పింఛను చూసి నవ్వుతున్నానని అలిగాడు. ఆయనను సముదాయించడానికి టీ తెప్పించాల్సి వచ్చింది.

కొవ్వు ఒక్కచోటే చేరదు వదినా. పిల్లులకైనా, మనకైనా. మనకు ఎక్కడెక్కడ చేరుతుందో చెప్పుకోనక్కర్లేదు. వాడికి పాలు తగ్గించు, నువ్వు చూపించే ప్రేమకు వాడి ఒళ్లు సరిపోదు.

సరే, ఊళ్లో అంత పెద్ద సంగతి జరిగితే నాకు దాస్తావా? ఆర్గనైజర్ రాజుకు మెడ మీద గడ్డ లేచిందట కదా! నాకు ఎవరు చెప్పారనుకున్నావు? అలంపూర్ మద్దిలేటిగారు, ఆ వర్ష తండ్రి. కూతుర్ని చూడ్డానికి వచ్చి, నాది గట్టు అని తెలిసి మా పోస్టాఫీసుకొచ్చాడు.

"అమ్మా, మాకు అల్లుడు గావలసిన పిల్లగానికి మెడ మీద గడ్డ లేసిందని మా చుట్టాలు జెప్పిన్రు. మామిడికాయంత ఉన్నదంట. మీ ఊళ్లె ఎవరో రేణుకమ్మనంట, చేన్ల కూసోని బోరుమన్నదంట. నిజమేనా?"

"రేణుకమ్మ మా వదినె" అన్నాను గొప్పగా. "ఊళ్లె కోడి గుడ్డు వెట్టినా నాకు రాస్తది. గిది రాయలేదు."

"అంటె అబద్ధమేనంటవా?"

అక్కడ నోరు మూసుకోవాల్సింది. నా నోటికి ఆ అలవాటు లేదు. "మా వదినె రాయలేదంటె, రాయలేనంత పెద్దదే అయ్యుంటది" అన్నాను. ఆయన మాట కలపడానికి అడిగిన స్టాంపులు కూడా కొనకుండా వెళ్లిపోయాడు.

పాపం, మంచి పిల్లగాడు. వెంటనే వివరంగా రాయి. మా అన్నను అడిగానని చెప్పు.

నీ
యమున


గట్టు,
నీ ఉత్తరం అందిన రోజే

యమునా,

ఇది కూర్చుని చదువు. కౌంటర్‌లో చదవకు.

ఆర్గనైజర్ రాజు మెడ నున్నగా, గుండ్రాయిలా ఉంది. గడ్డ లేచింది మన రాజుకు. పిల్లికి.

నెల కిందట మెడ వెనక శెనగ గింజంత తగిలింది. ఇప్పుడు రేగుపండంత అయింది. నీకెందుకు రాయలేదంటావా? నువ్వు వాణ్ని అప్పగించినప్పుడు, "ఇంతమంది కూలోళ్లకు వండి వెడుత, పిడికెడు పిల్లిని సాకలేనా?" అన్నాను. గడ్డ వచ్చిందని రాస్తే ఆ పిడికెడు పిల్లిని సాకలేకపోయానని నా చేత్తో నేను ఒప్పుకున్నట్టే. అందుకే కొవ్వు గురించి అడిగాను. నా తెలివి అంతవరకే పనిచేసింది.

పుకారు ఎలా పుట్టిందో చెబుతాను. చేన్లో క్రాసింగ్ జరుగుతోంది. మగపూల పుప్పొడిని ఆడపూలకు రాస్తూ సాలు వెంట పోతుంటే కళ్లలో నీళ్లు ఆగలేదు. పక్క సాలులో జమ్ములమ్మ ఉంది, మన వెనకింటామె.

"ఏమైందక్కా?"

"రాజుకు మెడ మీద గడ్డ లేసిందే. ఎవ్వరికి జెప్పకు."

"అయ్యో, పెండ్లి గూడ గాకపాయె!" అంది.

పిల్లికి పెళ్లేమిటని నాకు అనిపించకపోలేదు. కానీ ఏడుపులో ఉన్నప్పుడు ఎదుటివాళ్ల మాటలకు అర్థాలు వెతుక్కోం కదా. అప్పటినుంచి ఊరు ఊరంతా నన్ను మెచ్చుకోవడం మొదలుపెట్టింది. "రేణుకమ్మది ఎంత పెద్ద మనసు, పరాయి బిడ్డ కోసం కండ్లల్ల నీళ్లు వెట్టుకున్నది" అని. ఎందుకు మెచ్చుకుంటున్నారో నేను అడగలేదు. మెచ్చుకుంటుంటే ఎందుకని ఎవరు అడుగుతారు? చీర కొంగు నిండుగా కప్పుకుని తల వంచుకుని నడిచాను. నీ ఉత్తరం చదివాక ఆ కొంగే మొహానికి కప్పుకున్నాను.

పిల్లిని దవాఖానకు తీసుకుపోతానంటే మీ అన్న నవ్వాడు. "పిల్లికి దవాఖాననా? నాకు జ్వరమొస్తె గోలీ ఇయ్యవు. గింత వాత వెట్టు, పోతది" అన్నాడు. ఆయన చేనుకు పోయాక బుట్టలో పెట్టుకుని గద్వాల బస్సెక్కాను. కండక్టర్ బుట్టలో ఏముందని అడిగితే కోడి అన్నాను. ఊరు దాటగానే కోడి మ్యావ్ అంది. బస్సంతా నా వైపు తిరిగింది. "మీ కోడికి జలుబు జేసినట్టున్నదమ్మా" అంటూ కండక్టర్ ఆడవాళ్లకిచ్చే జీరో టికెట్టు చేతిలో పెట్టాడు.

పశువుల దవాఖానలో బర్రెలకూ మేకలకూ మధ్య నేను, నా బుట్ట. డాక్టర్ పేరు శివకుమార్. నవ్వలేదు. ఆ ఒక్క సంగతికే ఆయనకు దండం పెట్టాలనిపించింది. గడ్డను రెండు వేళ్లతో పట్టి చూసి, సన్నని సూదితో చుక్క లాగి చూశాడు.

"చీము గాదు. కొవ్వు లెక్క గూడ లేదు. ఈడ ఎప్పుడన్న సూది ఏయించిన్రా?"

"పిల్లికి సూదేంది సార్!" అన్నాను.

"పెరుగుతుందంటున్నరు గద. గిది ఊకె చూసుకుంట కూసునేది గాదమ్మా. కోసి తీసి పరీక్షకు పంపాలె. పిల్లికి మత్తిచ్చి కోసే సౌలతు మా దగ్గర లేదు. జల్ది ఎక్కడన్న చూపియ్యున్రి. అప్పటిదాంక రోజు పిసుకకున్రి."

రోజూ పిసుకుతున్నది నేనే. పెరిగిందేమోనని పొద్దున, తగ్గిందేమోనని సాయంత్రం.

కోయించమంటావా? నీ పిల్లి, నీ మాట. మత్తులో పోయే ప్రమాదం కూడా ఉంటుందని చెప్పాడు. ఫోన్ మాత్రం చేయకు. ఇంకో పుకారు మోసే ఓపిక ఊరికి ఉంది, నాకు లేదు. తిట్టాలనుంటే ముందు జవాబు రాసి తర్వాత తిట్టు.

రేణుకమ్మ


వనపర్తి,
స్పీడు పోస్టులో

వదినా,

కోయించు.

ముందు జవాబు రాయమన్నావు, రాశాను. ఇక తిడతాను.

నెల రోజులు! వాడి మెడ మీద గడ్డ పెరుగుతుంటే నువ్వు నాకు పాల గురించి, చెప్పుల గురించి కథలు రాశావు. నేను ఇక్కడ పళ్లన్నీ బయటపెట్టి నవ్వాను. నీకు కూలీలున్నారు, చేను ఉంది, మా అన్న ఉన్నాడు. సాయంత్రం తాళం తీసి లోపలికెళితే నాకు ఎదురొచ్చింది ఇన్నేళ్లలో ఆ పిల్లి ఒక్కటే. వాడికేమైనా అయితే నాకు తెలియాలా వద్దా?

ఇక్కడి దాకా నిన్న రాశాను. చాలా బాగా రాశాననుకుని పడుకున్నాను. పొద్దున లేచి మళ్లీ చదువుతుంటే శివకుమార్ డాక్టర్ అడిగిన మాట దగ్గర ఆగిపోయాను. సూది వేయించారా అని.

వేయించాను వదినా. నీ దగ్గరికి తెచ్చే ముందు నాగర్‌కర్నూల్లో పిచ్చికుక్క కాటు రోగం రాకుండా సూది వేయించాను. సరిగ్గా అక్కడే, మెడ వెనక. నీకెందుకు చెప్పలేదంటే, పిల్లికి సూది వేయించానంటే నువ్వు నవ్వుతావని. నవ్వేదానివే కదా? నువ్వు చేతకానిదానివి అనిపించుకోకూడదని గడ్డ దాచావు, నేను పిచ్చిదాన్ని అనిపించుకోకూడదని సూది దాచాను. మన పరువు మధ్యలో వాడి మెడ ఇరుక్కుంది.

ఆ సూది వేసిన నాగర్‌కర్నూలు డాక్టర్‌కు ఫోన్ చేశాను. సూది వేసిన చోట చిన్న ఉబ్బు వస్తే కొన్ని వారాల్లో అదే పోతుందట. నెలలు గడిచాక కూడా పెరుగుతుంటే మాత్రం ఆలస్యం చేయొద్దన్నాడు. ఆయనే కోస్తాడు. వచ్చే సోమవారం నేను సెలవు పెట్టి అక్కడుంటాను, నువ్వు వాణ్ని తీసుకుని రా.

ఇంకో తలనొప్పి. వర్ష దగ్గరికెళ్లి గడ్డ పిల్లికని చెప్పాను. ఆ అమ్మాయి పొట్ట పట్టుకుని నవ్వింది. తండ్రి మాత్రం నమ్మడం లేదు. "పిల్లికి రాజని పేరుంటదా? పిల్లగాన్ని కాపాడనీకి కథలల్లుతున్నరు" అంటున్నాడట. నిశ్చితార్థం ఆపేస్తానంటున్నాడు. వదినా, ఆ పెళ్లి చెడితే చేన్లో ఏడ్చిన నీకూ కౌంటర్‌లో వాగిన నాకూ ముఖం చూపించే చోటుండదు. ఈ ఆదివారం వర్ష ఇంటికెళుతోంది. నువ్వూ అలంపూర్ వెళ్లు. పిల్లిని కూడా తీసుకెళ్లు.

యమున


గట్టు,
అలంపూర్ నుంచి వచ్చాక

యమునా,

వెళ్లొచ్చాం. ఆర్గనైజర్ రాజు కారులో అతను, నేను, నా ఒళ్లో బుట్ట. ఆశ్చర్యమేమిటంటే మీ అన్న కూడా తెల్ల చొక్కా వేసుకుని ముందు సీట్లో కూర్చున్నాడు. నేను రమ్మనలేదు.

దారిలో రాజుకు క్షమాపణ చెప్పబోతే అతను అడ్డుపడ్డాడు. "నువ్వేం జేస్తవ్ తియ్యక్కా. అందరు అడుగుతుంటె నాకే అనుమానమైంది. కర్నూలు పోయి స్కాన్ తీపిచ్చుకున్న. ఏం లేదన్నరు. అయినా రోజు అద్దంల మెడ జూసుకుంటున్న" అన్నాడు. పాతికేళ్ల పిల్లగాణ్ని ఇంత పరేషాన్ చేశానని నాకు ఏడుపొచ్చింది. ఏడవలేదు. నా ఏడుపుతో ఇప్పటికే చాలా జరిగింది.

మద్దిలేటిగారింట్లో చుట్టాలంతా కూర్చుని ఉన్నారు. నేను నిలబడి మొత్తం చెప్పాను. చేన్లో ఎవరి కోసం ఏడ్చానో చెప్పేటప్పుడు గొంతు తగ్గింది. "జర గట్టిగ జెప్పమ్మా" అన్నారు వెనక నుంచి. గట్టిగా చెప్పాను. "నేను ఏడ్చింది పిల్లి కోసం."

మద్దిలేటిగారు వెంటనే, "పిల్లికి రాజని ఎవరన్న పేరు వెట్టుకుంటరా?" అన్నారు.

"మా చెల్లె వెట్టుకుంటది" అన్నాడు మీ అన్న. "సదువుకున్నది."

ముందు ఆర్గనైజర్ రాజు చొక్కా గుండీలు విప్పాడు. పెళ్లికూతురి మేనత్తలు వరుసగా వచ్చి మెడ నొక్కి చూశారు. అతను సంతలో కోడెలా నిలబడ్డాడు. తర్వాత నేను బుట్ట మూత తీసి, బొచ్చు పక్కకు తప్పించి చూపించాను. మద్దిలేటిగారు వంగి చూశారు.

"గింతనేనా? మామిడికాయంత అన్నరు!"

ఆయన గొంతులో కొంచెం నిరాశ కూడా వినబడింది నాకు. నమ్మకం కుదరక వేలు పెట్టి గట్టిగా నొక్కారు. మన రాజు ఊరుకుంటాడా? రోజూ నేను నొక్కింది చాలదన్నట్టు ఈయనొకడు. ఒక్క గీరు గీరాడు, వేలు పొడుగునా రక్తం వచ్చింది.

అయిపోయింది, సంబంధమే కాదు, మా ప్రాణాలూ పోయాయనుకున్నాను. ఇంతలో లోపల్నుంచి నవ్వు వినబడింది. వర్ష. నవ్వుకుంటూనే వచ్చి తండ్రి చెయ్యి కొళాయి కింద పెట్టి సబ్బుతో బాగా కడిగింది. "ఈ పిల్లికి సూది ఏయించిన్రంట గద, యమునక్క జెప్పింది. అయినా మనం దవాఖానకు పోదాం నాయినా" అంది. సూది అనగానే మద్దిలేటిగారి మొహం పాలిపోయింది. పెద్ద మీసాల మనిషి, సూదంటే భయమట. మీ అన్న లేచి, "పా బావా, నేనొస్త" అని భుజం మీద చెయ్యి వేసి తీసుకెళ్లాడు. బావా అన్నాడు! తిరిగొచ్చాక మద్దిలేటిగారు నిశ్చితార్థం తేదీ చెప్పారు, కట్టు కట్టిన చెయ్యి ఎత్తి పట్టుకుని.

వచ్చేటప్పుడు బుట్ట మీ అన్న తన ఒళ్లో పెట్టుకున్నాడు. దారిలో "కోస్తె బతుకుతదా?" అని అడిగాడు. తెల్వదన్నాను. గద్వాల వచ్చేదాకా బుట్ట మూత మీది చెయ్యి తీయలేదు.

రేపు సోమవారం తొలి బస్సుకు బయలుదేరుతాను, ఈ ఉత్తరం నీ చేతికే ఇస్తాను. ఈసారి బుట్టలో పిల్లి ఉందనే చెబుతాను.

రేణుకమ్మ


గట్టు,
కార్తీకం

యమునా,

ఆపరేషన్ అయిన రోజు నాగర్‌కర్నూల్లో ఆ బెంచీ మీద మనిద్దరం కూర్చున్నామే, అప్పుడు నేను చాలా ధైర్యంగా ఉన్నానని ఇంటికొచ్చి చెప్పాను. మీ అన్న నమ్మాడు. నువ్వు వచ్చి నిజం చెప్పకు.

కుట్లు ఎండేదాకా దుమ్ములో తిరగనివ్వొద్దని డాక్టర్ అన్నాడని, మా ఇంట్లో పత్తి దుమ్ము తప్ప ఇంకేం లేదని వాణ్ని నీతో పంపాను. పిల్లుల్ని ఒప్పుకునే ఇల్లు నువ్వు వెతుక్కున్నావు కూడా. మంచిదే. నీ పిల్లి నీ దగ్గరుంది. నాకేం లేదు. పాలు మిగిలిపోతున్నాయి, అంతే.

నువ్వు రాసిన రెండు ఉత్తరాలూ అందాయి. రెండింట్లోనూ "రాజు బాగున్నాడు" అని ఒక్క ముక్క రాసి, మిగతా కాగితమంతా కొత్త ఇంటి కిటికీల గురించి రాశావు. ఆ ముక్కను నేను నమ్మను. అదే ముక్క అవే అక్షరాల్లో నేనే నీకు శ్రావణంలో రాశాను. అది రాశాక మిగతా కాగితం దేనితో నింపాలో ఎంత వెతుక్కోవాలో నాకు తెలుసు.

తింటున్నాడా? గాయం పూర్తిగా మానిందా? పరీక్షకు పంపిన ముక్క ఏమైంది? కిటికీలు ఎన్నున్నా నాకు అక్కర్లేదు.

మీ అన్న రోజూ అడుగుతున్నాడు. ఆయన అడుగుతున్నాడనే రాస్తున్నాను.

రేణుకమ్మ


వనపర్తి,
ఆర్గనైజర్ రాజు పెళ్లికి ముందు వారం

వదినా,

"రాజు బాగున్నాడు" అని మొదలుపెట్టి ఆ కాగితం చింపేశాను.

పరీక్ష ఫలితం వచ్చింది. చెడ్డ గడ్డే. సూది వేసిన చోట వేల పిల్లుల్లో ఏ ఒక్కదానికో వచ్చే రకమట. చుట్టూ ఉన్న మంచి కండ కూడా కలిపి తీశారు కాబట్టి అంచుల్లో ఏమీ మిగల్లేదన్నారు. మళ్లీ వస్తుందా అంటే రావచ్చు, రాకపోవచ్చు అన్నారు. అయితే సూది వేయించడమే నా తప్పా అని అడిగాను. కాదన్నారు. వేయించకపోతే ఇంకా పెద్ద ప్రమాదమట. మద్దిలేటిగారి వేలు గుర్తొచ్చి నిజమేననుకున్నాను. అయినా మనసు ఒప్పుకోవడం లేదు.

ఈ ఫలితం నాకు తెలిసి వారం దాటింది. పెళ్లి పనుల్లో ఉంటావని రాయలేదు. కాదులే. రాస్తే నిజమైపోతుందని రాయలేదు. నిన్ను తిట్టిన తిట్లన్నీ తీసి నాకే వేసుకుని చూశాను వదినా. ఎక్కడా కుట్టు విప్పనక్కర్లేకుండా సరిపోయాయి.

వాడు తింటున్నాడు. మెడ మీద గొరిగిన చోట పిచ్చి పిచ్చిగా ఉన్నాడు, ఎవరో సగం దువ్వి వదిలేసినట్టు. కిటికీలో కూర్చుని రోడ్డు మీది కుక్కలను తిడుతున్నాడు. నన్ను చూసినప్పుడు ముందు నా వెనక్కి చూస్తున్నాడు, నువ్వు వచ్చావేమోనని. ఇది నీకు రాయాలంటే కొంచెం కడుపుమంటగా ఉంది, అయినా రాస్తున్నాను.

నెలకొకసారి మచ్చ చుట్టూ వేళ్లతో తడిమి చూడమన్నారు. ఇవాళ పొద్దున తడిమాను. మచ్చ గట్టిగా తగిలింది. దాని పక్కన ఏదో ఉన్నట్టనిపించింది. లేదనిపించింది. మళ్లీ ఉందనిపించింది. వాడేమో నా చేతి కింద గుర్రుమంటూ కళ్లు మూసుకున్నాడు. నా వేళ్లను నేను నమ్మలేకపోతున్నాను.

ఆదివారం మొదటి బస్సుకు రా వదినా. అన్నను కూడా తీసుకురా. నువ్వు ఒకసారి తడిమి లేదంటే, లేదనుకుని ముగ్గురం అన్నం తిందాం. ఉందంటే, తినే నాగర్‌కర్నూలు బయలుదేరదాం.

యమున